రాణి విలువ ఎంత?

ఆటలో ఓడిపోవడం అవమానం కాదు. ఎందుకు ఓడిపోయామో తెలియకుండా ఓడిపోవడం మాత్రం చాలాకాలం బాధిస్తుంది. ఈ సత్యాన్ని మేము పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. నారాయణరావుపేటలో జరిగిన ఒక చిన్న క్యారమ్ పోటీలో పాయింట్ల పట్టిక వ్రాయడానికి కూర్చున్నప్పుడు, మేము చేసిన ఒక పొరపాటే మాకు దీనిని నేర్పింది. అటువంటి పొరపాటు మరొకరు చేయకుండా ఉండాలన్న కోరికతోనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

పోటీ పెద్దది కాదు. రెండు బోర్డులు, పదహారుమంది ఆటగాళ్లు, ఒక ఆదివారం. చుట్టుప్రక్కల గ్రామాల నుండి వచ్చిన యువకులు ఉదయం నుండే బల్లల చుట్టూ మూగారు. బోరిక్ పౌడరు చల్లిన బోర్డుపై బిళ్ళలు జారుతూ ఉంటే, తెలుగులో కొందరు, ఉర్దూలో కొందరు, రెండూ కలిపి మరికొందరు తమకు తోచిన సలహాలు ఇస్తూనే ఉన్నారు. సాయంకాలానికి ఇద్దరు మిగిలారు. వారిద్దరూ మిత్రులు. ఒకే బస్సులో కళాశాలకు వచ్చేవారు, ఒకే బెంచీపై కూర్చునేవారు.

చెరొక గేము గెలిచి మూడవ గేములో ప్రవేశించారు. ఆరు బోర్డులు ముగిసేసరికి మొదటి వానికి 22 పాయింట్లు, రెండవ వానికి 18. ఏడవ బోర్డులో మొదటివాడు రాణిని పాకెట్టులో వేసి, వెంటనే కవరు చేసి, తన బిళ్ళలన్నింటినీ ముగించాడు. ఎదుటివాని బిళ్ళ ఒక్కటే బోర్డుపై మిగిలింది. బిళ్ళకు 1, రాణికి 3, వెరసి 4. ఇరవై రెండుకు నాలుగు కలిపితే 26. ఇరవై ఐదు దాటింది కాబట్టి ఆట ముగిసిందని మేము పట్టికలో వ్రాసి, దాని క్రింద గీత గీశాము. చప్పట్లు మ్రోగాయి.

అప్పుడు రెండవవాడు మెల్లగా, "ఇరవై రెండు అయినంక రాణి లెక్కకు రాదు కదా అన్నా? ఇరవై మూడే అయితది. ఇంకో బోర్డు ఉన్నది," అన్నాడు. ఒక పెద్దాయన, తమ ఇంట్లో రాణి ఎప్పుడూ లెక్కకు వస్తుందన్నారు. రాణికి అసలు 5 పాయింట్లని మరొకరు, 50 అని ఇంకొకరు వాదించారు. అందరూ మా వైపు చూశారు. మా వద్ద పట్టిక ఉన్నది, పెన్సిలు ఉన్నది; నిబంధనలు వ్రాసిన కాగితం మాత్రం లేదు. చీకటి పడుతున్నది, బస్సు వేళ అవుతున్నది. "పోనీయండి, చిన్న పోటీ," అన్నారు ఎవరో. మేము గీసిన గీత అట్లాగే నిలిచింది. రెండవవాడు తనకు ఇచ్చిన బహుమతిని రెండు చేతులతో అందుకొని, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

తరువాత మేము నిబంధనల పుస్తకం సంపాదించి చదివాము. అతడు చెప్పినదే నిజం. ఎనిమిదవ బోర్డు ఆడవలసి ఉండెను. ఆడితే అతడు ఓడిపోయి ఉండవచ్చు. అయిదు పాయింట్ల వెనుకబాటును ఒక్క బోర్డులో పూడ్చుకోవడం సులభం కాదు. కాని న్యాయంగా ఓడిపోయే హక్కును కూడా మేము అతనికి ఇవ్వలేదు. గెలిచినవానికి కూడా మేము మేలు చేయలేదు. అతని గెలుపును గురించి ఇప్పటికీ ఎవరో ఒకరు ప్రశ్న వేస్తూనే ఉన్నారు. ఆ మిత్రులిద్దరూ ఇప్పుడు వేర్వేరు బస్సులలో వస్తున్నారు.

క్యారమ్ ఆట తెలియని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. కాని దాని పోటీ నిబంధనలు తెలిసినవారు అంతకంటే అరుదు. 1956లో అఖిల భారత క్యారమ్ సమాఖ్య, 1988లో మద్రాసులో అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య ఏర్పడిన తరువాత ఈ ఆటకు ఒక స్థిరమైన శాసనం కలిగింది. దాని సారాంశాన్ని పాఠకుల ముందుంచడం మా మొదటి కర్తవ్యంగా భావిస్తున్నాము.

తొమ్మిది తెల్ల బిళ్ళలు, తొమ్మిది నల్ల బిళ్ళలు, ఒక ఎర్ర రాణి. తెలుపైనా నలుపైనా బిళ్ళ విలువ 1. తన బిళ్ళలను ముందుగా ముగించినవాడు ఆ బోర్డు గెలుస్తాడు. ఎదుటివాని బిళ్ళలు ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు అతనికి వస్తాయి. రాణిని కవరు చేసినవాడే బోర్డును కూడా గెలిస్తే మరో 3 పాయింట్లు కలుస్తాయి. రాణిని కవరు చేసి బోర్డు ఓడిపోయినవానికి ఆ మూడు పాయింట్లు రావు, గెలిచినవానికీ రావు. కనుక ఒక బోర్డులో లభించే పాయింట్లు 12కు మించవు. ముందుగా 25 పాయింట్లు చేరినవాడు గేము గెలుస్తాడు. ఎనిమిది బోర్డులలో ఎవరూ 25 చేరకపోతే, అప్పటికి ఎక్కువ పాయింట్లు ఉన్నవాడే విజేత. ఇద్దరూ సమానంగా నిలిస్తే అదనంగా ఒక బోర్డు ఆడిస్తారు. మూడు గేములలో రెండు గెలిచినవానిది పోటీ.

ఇంతవరకు బుద్ధిమంతుడైన ఏ ఆటగాడైనా ఊహించగలడు. ఊహకు అందని నిబంధన ఒకటి ఉన్నది. రాణి విలువ ఆటగానికి 21 పాయింట్లు ఉన్నంతవరకే కలుస్తుంది. అతడు 22 చేరిన క్షణం నుండి రాణికి అతని లెక్కలో విలువ లేదు. దీని ఫలితాన్ని గమనించండి. 21 పాయింట్లు ఉన్నవాడు రాణిని కవరు చేసి, ఎదుటివాని ఒక్క బిళ్ళ మిగిల్చి బోర్డు గెలిస్తే 25 చేరి గేము గెలుస్తాడు. 22 పాయింట్లు ఉన్నవాడు సరిగా అదే పని చేస్తే 23 వద్ద ఆగిపోతాడు. ఒక పాయింటు ఎక్కువ ఉన్నవాడే వెనుకబడినట్లు కనబడుతుంది! ఇది అన్యాయమని కొందరు అనవచ్చు. గేము చివరి పాయింట్లు రాణి దయవలన కాక, ఎదుటివాని బిళ్ళలను నిలువరించిన నేర్పు వలన రావాలన్నది దీని ఉద్దేశమని మాకు తోస్తున్నది. ఉద్దేశం ఏదైనా, ఇటువంటి నిబంధనను సామాన్య బుద్ధితో ఎవరూ కనిపెట్టలేరు. కనుక దానిని ముందుగా చెప్పి తీరాలి. 20 పాయింట్ల వద్ద ఉన్నవాడు రాణి కోసం తెగించాలా, బిళ్ళల కోసం ఓపిక పట్టాలా అన్నది ఈ లెక్క తెలిసినప్పుడే నిర్ణయించుకోగలడు. లెక్క తెలియనివాడు సగం ఆటే ఆడుతున్నాడు.

అయితే ఇండ్లలో ఆడే లెక్కలు తప్పులా? కానే కావు. నలుపుకు 10, తెలుపుకు 20, రాణికి 50 అని లెక్కించి ఆడుకునే ఆటలో పిల్లలకు కూడికలు వస్తాయి, వయసు భేదం లేకుండా నలుగురూ కలుస్తారు. రంజాన్ రాత్రులలో వీధి దీపం క్రింద ఆడినా, సంక్రాంతి సెలవులలో అరుగు మీద ఆడినా ఆ ఆట ఆనందం ఆ ఆటదే. మన పాత ఆటలన్నీ ఇట్లా ఇంటికొక లెక్కతో బ్రతికినవే. అష్టాచెమ్మా చూడండి. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే 4, బోర్లపడితే 8. రెంటికీ మరల పందెం వేసే అవకాశం. ఇంతవరకు అందరికీ సమ్మతమే. కాని ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపకుండా లోపలి గడులలోకి పోవచ్చునా? ఒక ఇంట్లో పోవచ్చు, ప్రక్క ఇంట్లో పోరాదు. పచ్చీసు ఆటకు ఆ పేరు ఇరవై ఐదు అనే అంకె నుండి వచ్చింది. గవ్వలు పడిన తీరుకు ఇచ్చే విలువలలో అది ఒకటి. ఆటకే అంకె పేరు పెట్టుకున్నవారు సైతం తక్కిన విలువల పట్టికను ప్రాంతానికొక విధంగా వ్రాసుకున్నారు.

ఈ భేదం పల్లెలకే పరిమితం కాదు. మధ్యయుగపు ఇస్లామీయ ప్రపంచంలో శత్రంజ్ మహోన్నత స్థితిలో ఉన్నప్పుడు, ఎదుటి రాజు తప్ప తక్కిన బలమంతటినీ హరించినవాడు గెలిచినట్లు లెక్క. కాని ఆ ఒంటరి రాజు మరుసటి ఎత్తులోనే తన ప్రత్యర్థి చివరి పావును హరించగలిగితే? చాలా ప్రాంతాలలో ఆ ఆట సమానమని తీర్మానించేవారు. మదీనాలో మాత్రం అది మొదటివాని గెలుపే. అదే బల్ల, అవే పావులు, అవే ఎత్తులు. ఒక నగరంలో విజయం, మరొక నగరంలో సమానం. మదీనావాసి తన నగరంలో ఆడినంతకాలం చిక్కు లేదు. మరొక నగరపు ఆటగాడు వచ్చి ఎదురుగా కూర్చున్ననాడు, బల్ల పరచక ముందే, "మనం ఏ లెక్కన ఆడుతున్నాము?" అని ఒకరు అడిగి తీరాలి. మా అభిప్రాయమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది. ఇంటి ఆటకు ఇంటి లెక్క చాలును. పది గ్రామాల వారు కలిసే పోటీకి ఒక్కటే లెక్క ఉండాలి, అది అందరికీ ముందే తెలియాలి.

ముందే తెలిసిన నిబంధన కఠినమైనా ఆటగాళ్లు దానిని శిరసా వహిస్తారు. తెలుగువారందరికీ గర్వకారణమైన చదరంగ క్రీడాకారిణి కోనేరు హంపి జీవితమే ఇందుకు నిదర్శనం. 2019 డిసెంబరులో మాస్కోలో జరిగిన ప్రపంచ మహిళా ర్యాపిడ్ పోటీలో ముగ్గురు 9 పాయింట్లతో సమానంగా నిలిచారు. ఉపలెక్కలలో మెరుగైన ఇద్దరికే, అనగా హంపికి, చైనా క్రీడాకారిణి లే టింగ్‌జీకి, నిర్ణాయక పోటీ దక్కింది. మూడవ క్రీడాకారిణి ఎకతెరీనా అతాలిక్ మూడవ స్థానంతో తృప్తిపడింది. ఆ ఇద్దరూ చెరొక ఆట గెలవగా, చివరిదైన ఆర్మగెడాన్ ఆట డ్రాగా ముగిసింది. ఆ ఆటలో డ్రా అయితే నల్లపావుల వారు గెలిచినట్లు లెక్క. ఆ లెక్కనే హంపి ప్రపంచ విజేత అయింది. సమానమైన ఆట విజయంగా ఎట్లా మారిందని ఎవరూ అడగలేదు. బల్ల ముందు కూర్చోక ముందే ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆరు సంవత్సరాల తరువాత, 2025 డిసెంబరులో దోహాలో, చక్రం తిరిగింది. అప్పుడు కూడా ముగ్గురు సమానం, ఒక్కొక్కరికి ఎనిమిదిన్నర పాయింట్లు. మరల ఉపలెక్కలలో మెరుగైన ఇద్దరికే నిర్ణాయక పోటీ. ఈసారి ఆ ఇద్దరిలో హంపి లేదు. గొర్యాచ్కినా, జు జినర్ ఆడగా గొర్యాచ్కినా గెలిచింది, హంపికి కాంస్యం. ఒకనాడు కిరీటం పెట్టిన తరహా నిబంధనే మరొకనాడు ద్వారం మూసింది. ముగ్గురికీ అవకాశం ఇవ్వడమే న్యాయమని వాదించేవారితో మాకు సానుభూతి ఉన్నది. కాని నిబంధనను మార్చుకోవాలంటే తరువాతి పోటీకి మార్చుకోవాలి. సాగుతున్న పోటీలో మార్చరాదు.

సాగుతున్న పోటీలో మారిస్తే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. 2024 డిసెంబరు 31న న్యూయార్కులో ప్రపంచ బ్లిట్జ్ అంతిమ పోటీలో కార్ల్‌సన్, నెపోమ్నియాషి నాలుగు ఆటలలో చెరి రెండు గెలిచి సమానమయ్యారు. ఎవరో ఒకరు గెలిచేవరకు సాగవలసిన అదనపు ఆటలలో వరుసగా మూడు డ్రాలు అయ్యాయి. అప్పుడు కార్ల్‌సన్ బిరుదును పంచుకుందామనగా, నిర్వాహకులు అంగీకరించారు. ప్రపంచ స్థాయి పోటీలో అప్పటికప్పుడు చేసిన ఆ ఏర్పాటును చదరంగాభిమానులు అనేకులు తీవ్రంగా విమర్శించారు. అంత పెద్ద వేదికపైనే ఇటువంటి సందిగ్ధం ఏర్పడినప్పుడు, పెన్సిలు తప్ప కాగితం లేని మా బల్ల ఎంత?

ఇక్కడ మూడు ఆక్షేపణలు వినవస్తాయి. చిన్న పోటీకి ఇన్ని చట్టాలా అన్నది మొదటిది. పెద్ద పోటీలో తప్పు జరిగితే పత్రికలు వ్రాస్తాయి, విచారణ జరుగుతుంది. చిన్న పోటీలో జరిగిన తప్పును సరిదిద్దేవారెవరూ లేరు. అది ఇద్దరు మిత్రుల మధ్య మౌనంగా మిగిలిపోతుంది. కనుక చిన్న పోటీకే కాగితం అవసరం ఎక్కువ. పెద్దలు చెప్పిన మాట చాలదా అన్నది రెండవది. పెద్దల యందు మాకు ఎనలేని గౌరవం ఉన్నది. ఆ గౌరవం వలననే, ఇరుపక్షాల బంధువులు చూస్తూ ఉండగా ఒక పెద్దమనిషిని, "రాణి విలువ మీరే చెప్పండి," అని ఇరకాటంలో పెట్టడం తగదంటున్నాము. కాగితం మీద వ్రాసి ఉంటే ఆయన చదివితే చాలు. నిబంధనలు ఆనందాన్ని చంపుతాయన్నది మూడవది. మేము చూసినంతవరకు ఆనాటి ఆనందాన్ని చంపింది నిబంధన లేకపోవడమే.

ఇక మా సూచనలు. ఇవి ఖర్చు లేనివి. ఒక కాగితం, ఒక అరగంట చాలును.

మొదటిది, రాణి విలువ ఎంత, ఏ పాయింటు వరకు అన్న సంగతి కాగితం మొదటి పంక్తిలోనే ఉండాలి. నిర్వాహకులు ఇంటి లెక్కనే పాటించదలిస్తే దానికి మాకు ఆక్షేపణ లేదు. అయితే ఆ సంగతి వ్రాసి ప్రకటించాలి.

రెండవది, వేళ చాలక బోర్డుల సంఖ్యను ఎనిమిది నుండి నాలుగుకో ఆరుకో తగ్గించేటట్లయితే, ఆ నిర్ణయం చీట్లు తీయక ముందే జరగాలి. మధ్యాహ్నం భోజనాలు ఆలస్యమైనవని సాయంకాలపు ఆటగాళ్లకు బోర్డులు తగ్గించడం న్యాయం కాదు.

మూడవది, లీగు పద్ధతిలో ఆడించేటప్పుడు గెలుపులు సమానమైతే ఎవరు ముందు అన్నది వరుసక్రమంలో వ్రాయాలి. వారిద్దరూ పరస్పరం ఆడిన ఆటను చూడాలని అందరూ అంటారు. కాని మొదటివాడు రెండవవానిని, రెండవవాడు మూడవవానిని, మూడవవాడు మొదటివానిని ఓడిస్తే ఆ సూత్రం తిరిగి మొదటికే వస్తుంది. అప్పుడు గెలిచిన, ఓడిన గేముల తేడా, అదీ సమానమైతే పాయింట్ల తేడా చూడాలని ముందే వ్రాసుకుంటే తగవుకు తావుండదు.

నాల్గవది, ప్రతి బోర్డు ముగియగానే, బిళ్ళలు మరల పేర్చక ముందే, ఆ బోర్డు పాయింట్లను బిగ్గరగా చదివి ఇద్దరు ఆటగాళ్ల చేత పట్టికపై పొడి సంతకాలు చేయించాలి. అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాలి. బిళ్ళలు చెదిరిన తరువాత సాక్ష్యం మిగలదు. పట్టిక వ్రాసేవాడు ఆటగాళ్ల బంధువు కాకుండా ఉంటే మరీ మంచిది.

అయిదవది, ఈ కాగితం తెలుగులోనూ, ఉర్దూలోనూ ఉండాలి. ఆట మొదలు కాక ముందు రెండు భాషలలోనూ చదివి వినిపించాలి. తెలుగువారికి రాణి, ఉర్దూవారికి రానీ. పేరు ఇంచుమించు ఒక్కటే. విలువ కూడా ఒక్కటే కావాలంటే ఇద్దరికీ ఒక్కసారే చెప్పాలి. రెండు భాషలు ప్రక్కప్రక్కన వికసించే మా కళాశాల వంటి చోట ఇది ఎంతమాత్రం కష్టం కాదు. కష్టపడి అనువదించవలసినవి ఇరవై పంక్తులే.

2016లో సిద్దిపేట జిల్లాగా ఏర్పడింది. నేడు నారాయణరావుపేట మండల కేంద్రం. మండల స్థాయిలో, జిల్లా స్థాయిలో ఆడే అవకాశాలు మన విద్యార్థులకు పెరుగుతున్నాయి. ఇక్కడ రాణికి 50 లెక్కించి నేర్చుకున్న విద్యార్థి, జిల్లా పోటీలో 22 పాయింట్ల వద్ద రాణి కోసం వృథాగా తెగించి ఓడిపోతే ఆ దోషం అతనిది కాదు, సరైన లెక్క చెప్పని మనది. నేర్పు పల్లెలో కావలసినంత ఉన్నది. దానికి తోడుగా ఒక కాగితం కావాలి.

వచ్చే పోటీకి ఆ కాగితాన్ని మేము సిద్ధం చేశాము. మొదటి పంక్తిలో రాణి విలువ ఉన్నది. దానిని రెండు భాషలలో వ్రాసి గోడకు అంటించే ముందు, ఆనాడు ఏడవ బోర్డు తరువాత నోరు తెరిచి నిజం చెప్పిన ఆ యువకుని వద్దకు తీసుకుని వెళ్లి, తప్పులు ఉంటే దిద్దమని అడిగాము. అతడు చాలాసేపు చదివాడు. ఒక్కచోట అంకె సరిచేసి ఇచ్చాడు. ఈసారి ఆడతావా అని అడిగితే, ఇంకా చెప్పలేనన్నాడు. అతడు ఆడకపోతే ఆ లోటు మాదే. ఆడితే మాత్రం, ఎదుట కూర్చునేవారు ఎవరైనా సరే, ఎనిమిదవ బోర్డు తప్పక ఉంటుందని ఈ పత్రికా ముఖంగా మాట ఇస్తున్నాము.